కోపెన్‌హాగెన్‌లో ఒక్క రోజే ఖాళీ ఉంటే లూసియానా మ్యూజియంకి వెళ్ళొచ్చా?

మీ ప్రశ్న ఇది: జూన్‌లో ఆఫీసు పని మీద కోపెన్‌హాగెన్ వస్తున్నారు, వెంట మీ ఆవిడ, ఎనిమిదేళ్ళ పాప. ఒక్క రోజే ఖాళీ. మీ ఆవిడకి పెయింటింగ్ అంటే ప్రాణం, ఆవిడ లూసియానా మ్యూజియం చూడాలంటున్నారు. మీరు మెకానికల్ ఇంజనీరు, మోడర్న్ ఆర్ట్ మీకు ఎక్కదు. ఊరికి దూరంగా సముద్రం పక్కన ఉన్న ఆ మ్యూజియం కోసం ఉన్న ఒక్క రోజూ ఖర్చు పెట్టడం సబబేనా, అదే దారిలో ఉన్న క్రోన్‌బోర్ కోట కూడా కలిసొస్తుందా అని అడిగారు.

వెళ్ళండి. మొహమాటానికి చెప్పడం లేదు. నేను డెన్మార్క్‌లో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను, ఇంటికొచ్చిన చుట్టాలనీ స్నేహితులనీ అక్కడికి తీసుకెళ్తూనే ఉంటాను. బొమ్మలంటే ఇష్టం ఉన్నవాళ్ళకంటే, "మాకేం అర్థమవుతుంది లెండి" అని బయల్దేరినవాళ్ళే అక్కడ ఎక్కువ సేపు ఉండిపోవడం చూశాను. దానికి కారణం ఆ మ్యూజియం కట్టిన పద్ధతి. అది తెలుసుకుని వెళ్తే మీ రోజు వృథా కాదు.

ముందు దారి సంగతి. పేరు చూసి మ్యాప్‌లో వెతికితే అమెరికా రాష్ట్రం వస్తుంది, కాబట్టి హుమ్లెబెక్ అని వెతకండి. కోపెన్‌హాగెన్‌కి ఉత్తరాన సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ఊరు. సెంట్రల్ స్టేషన్ నుంచి హెల్సింగోర్ వైపు వెళ్ళే రైలెక్కితే ముప్పావుగంట లోపే దిగిపోతారు. అక్కడి నుంచి పది, పదిహేను నిమిషాల నడక. టికెట్ రైలెక్కకముందే కొనాలి, లోపల కొనుక్కోవచ్చులే అనుకుంటే ఫైన్ గట్టిగానే పడుతుంది. సోమవారం మ్యూజియం సెలవు. మంగళవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 11 నుంచి రాత్రి 10 దాకా తెరిచి ఉంటుంది, శని, ఆదివారాలు మాత్రం సాయంత్రం 6కే మూసేస్తారు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి టికెట్ లేదు. మీ ఇద్దరివీ ముందే ఆన్‌లైన్‌లో కొనేసుకోండి.

ఆ రాత్రి 10 గంటల సంగతి జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి, మీ ప్లాన్ అంతా దాని మీదే ఉంది. జూన్‌లో ఇక్కడ సూర్యుడు అస్తమించేసరికి రాత్రి పది దగ్గర పడుతుంది. అంటే మీ ఖాళీ రోజు వారం మధ్యలో పడితే క్రోన్‌బోర్ కూడా హాయిగా కలిసొస్తుంది. ఉదయం నేరుగా లైను చివర హెల్సింగోర్ దాకా వెళ్ళిపోయి కోట చూడండి. షేక్‌స్పియర్ హామ్లెట్ కథ నడిచిన చోటు అదే. 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. మధ్యాహ్నం రెండు, మూడింటికి వెనక్కి రైలెక్కితే పది నిమిషాల్లో హుమ్లెబెక్. నాలుగింటికి తర్వాత టూరిస్టు గుంపులు పల్చబడతాయి, వెలుతురు మెత్తబడుతుంది, మీకు ఇంకా అయిదారు గంటలు మిగిలే ఉంటాయి. ఖాళీ రోజు శని, ఆదివారాల్లో అయితే మాత్రం రెండూ పెట్టుకోకండి. రెండూ సగం సగం చూసి టెన్షన్ పడటం కంటే కోట వదిలేయడం మేలు. ఇదే డిసెంబర్‌లో ఎవరైనా అడిగితే సరిగ్గా తిరగేసి చెప్తాను: అప్పుడు మూడున్నర, నాలుగింటికే చీకటి పడిపోతుంది, సముద్రం కనబడాలంటే తలుపులు తీసే వేళకే అక్కడ ఉండాలి.

ఇక అసలు విషయం. మ్యూజియం ముందుకు చేరగానే మీరు కాస్త నిరుత్సాహపడొచ్చు. పెద్ద మెట్లూ స్తంభాలూ ఉండవు. తీగలల్లుకున్న పాత తెల్ల బంగళా, అంతే. 1855లో అలెగ్జాండర్ బ్రున్ అనే ఆయన కట్టించుకున్నది. ఆయన మూడుసార్లు పెళ్ళి చేసుకున్నాడు, ముగ్గురు భార్యల పేర్లూ లూయీజే. ఆ బంగళాకి లూసియానా అన్న పేరు అలా వచ్చింది. వందేళ్ళ తర్వాత క్నూద్ యెన్సెన్ అనే వ్యాపారి ఆ తోటా ఇల్లూ కొన్నాడు. వాళ్ళ నాన్నది చీజ్ హోల్‌సేల్ వ్యాపారం. ఈయనకి సాహిత్యం మీదా కళల మీదా మనసు. మ్యూజియం కట్టడానికి యోర్గెన్ బో, విల్హెల్మ్ వోలర్ట్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులని పిలిచి మూడు షరతులు పెట్టాడు. తర్వాత ఎంత గొప్పగా కట్టినా సరే, పాత ఇల్లే ప్రవేశద్వారంగా ఉండాలి. ఒక గది అక్కడున్న చెరువు వైపు తెరుచుకోవాలి. ఇంకా రెండు మూడు వందల మీటర్లు ముందుకెళ్ళాక, సముద్రం ఒడ్డున గట్టు మీద, కూర్చుని కాఫీ తాగే చోటు రావాలి. 1958లో తెరిచిన మ్యూజియం ఈ మూడు షరతుల మీదే నిలబడి ఉంది.

అంటే గమనించండి, కొలత గదుల సంఖ్యలో లేదు, నడకలో ఉంది. బంగళాలోంచి బయల్దేరిన మనిషి చెరువు చూసి, చెట్ల మధ్యగా నడిచి, సముద్రం దగ్గర ఆగాలి. ఆ నడకకి గోడా కప్పూ వేసి, దారిలో బొమ్మలు పెట్టారు. అందుకే అది పొడుగ్గా, ఎత్తు లేకుండా, చెట్ల కిందే ఒదిగి ఉంటుంది. తెల్ల సున్నం వేసిన ఇటుక గోడ, కింద ఎర్ర పలకలు, పైన చెక్క దూలాలు, ఒక పక్క నిలువునా గాజు. నాలుగు బొమ్మలు చూస్తారో లేదో, గాజు వసారాలోకి వస్తారు. రెండు వైపులా చెట్లు. కళ్ళు తేలికపడతాయి. మళ్ళీ గది. మ్యూజియంలో గంటకే తల బరువెక్కి కాళ్ళు లాగేస్తాయి కదా, ఇక్కడ అది చాలా ఆలస్యంగా వస్తుంది. చూడటం, విరామం, మళ్ళీ చూడటం అనేది కట్టడంలోనే ఉంది.

తర్వాత 1966 నుంచి 1990ల దాకా దశలవారీగా పెంచుతూ వచ్చారు. 1982లో దక్షిణం వైపు కొత్త విభాగం, 1991లో గట్టు కింద నేల లోపల ఇంకొకటి. దాంతో ఇప్పుడు అంతా ఒక చుట్టు. ఎక్కడ మొదలుపెట్టినా తిరిగి బంగళాకే వస్తారు, దారి తప్పుతామన్న భయం అక్కర్లేదు. నా మాట వింటే ఉత్తర విభాగంతోనే మొదలుపెట్టండి. అదే 1958 నాటి పాత దారి, మొదటి షరతు నుంచి మూడో షరతు దాకా మీ కాళ్ళతో మీరే నడిచి చూసినట్టవుతుంది. చాలామంది టికెట్ చూపించగానే కొత్త ఎగ్జిబిషన్ ఏదుందో అటు పరిగెత్తి, ఈ పాత దారికి వచ్చేసరికి అలిసిపోతారు.

ఈ దారిలోనే జకొమెట్టి అనే శిల్పి గది వస్తుంది. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే "నాకు మోడర్న్ ఆర్ట్ అర్థం కాదు" అన్న మీ మాటకి సమాధానం ఆ గదే. మీరు లోపలికి వచ్చేది పై అంతస్తు ఎత్తులో. కింద రెండంతస్తుల ఎత్తు హాలు, ఎదురుగా గోడంతా గాజు, గాజు అవతల చెరువు, నీళ్ళ మీదికి వంగిన కొమ్మలు. ఆ వెలుతురులో సన్నగా, నిలువుగా, ఎముకల గూళ్ళలాంటి కంచు మనుషులు. వాటిలో నడుస్తున్న మనిషి ఒకడు ఉంటాడు, 1960లో చేసినది. నిలువెత్తు మనిషే, సుమారు ఆరడుగులు. ఫోటో తీసుకుని వెళ్ళిపోకండి. మెట్లు దిగి పక్కకి వెళ్ళి నిలబడండి.

ముందు పాదాలు చూడండి. ఒంటితో పోలిస్తే చాలా పెద్దవి, నేలకి అంటుకుపోయినట్టు బరువుగా ఉంటాయి. వెనక కాలి మడమ లేచి ఉంటుంది, ఒళ్ళంతా ముందుకి వాలి ఉంటుంది. పాదం కదలనంటుంది, ఒళ్ళు వెళ్తానంటుంది. ఆ రెండింటి మధ్య లాగుడే ఆ బొమ్మ. ఇంకాస్త దగ్గరికి వెళ్తే ఛాతీ మీదా తొడల మీదా చిటికెలతో నొక్కిన గుంటలు కనిపిస్తాయి. ముందు మట్టితోనో ప్లాస్టర్‌తోనో చేసి, తర్వాత కంచు పోస్తారు. వేళ్ళు తాకిన గుర్తులు అలాగే కంచులోకి వచ్చేశాయి. జకొమెట్టి స్విట్జర్లాండ్‌లో పుట్టి పారిస్‌లో పనిచేసిన శిల్పి. దూరం నుంచి ఒక మనిషి వస్తుంటే మన కంటికి ఎంత కనిపిస్తాడో అంతే చేయాలని జీవితమంతా కుస్తీ పట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆయన బొమ్మలు చిన్నవైపోయి, చివరికి అగ్గిపెట్టెల్లో పెట్టుకుని పారిస్‌కి తిరిగొచ్చాడు. మీ పాపకి ఈ సంగతి చెప్పండి, ఆ గదిలో ఏ బొమ్మ అగ్గిపెట్టెలో పడుతుందా అని తనే వెతుకుతుంది.

ఇప్పుడు మళ్ళీ పైకెక్కి, వచ్చిన చోట నుంచే కిందకి చూడండి. ఇందాక వింత ఆకారంగా కనిపించినవాడు ఇప్పుడు చెరువు గట్టున దూరంగా నడిచిపోతున్న మామూలు మనిషిలా ఉంటాడు. ఇందులో అర్థం చేసుకోవలసిన సిద్ధాంతం ఏమీ లేదండీ. దగ్గర, దూరం, వెలుతురు, అంతే. బొమ్మ దగ్గర నిలబడి "దీని అర్థమేమిటి" అని కాకుండా "ఇది నన్ను ఎక్కడ నిలబడమంటోంది" అని అడగండి. లూసియానాలో సగం పైగా వాటికి ఆ ప్రశ్న చాలు.

కొన్ని బొమ్మలు దానికీ లొంగవు. ఫరవాలేదు, వదిలేసి ముందుకు నడవండి. యెన్సెన్‌కి కూడా ఈ సంగతి బాగా తెలుసు. మొదట డెన్మార్క్ కళాకారుల కోసమే మొదలుపెట్టిన మ్యూజియం ఇది. 1959లో జర్మనీలోని కాసెల్‌లో డాక్యుమెంటా ప్రదర్శన చూసొచ్చాక అంతర్జాతీయ ఆధునిక కళ వైపు మళ్ళించాడు. జనం బెదిరిపోకుండా ఆయన పాటించిన పద్ధతికి సౌనా సూత్రం అని పేరు పెట్టుకున్నాడు. ఈ దేశాల్లో సౌనా అంటే వేడి గదిలో కూర్చుని, వెంటనే చన్నీళ్ళలో దిగడం. అలాగే అందరికీ తెలిసిన పెద్ద పేర్లతో వేడి, ఎవరికీ తెలియని కొత్తవాళ్ళతో చలి, రెండూ ఒకేసారి ప్రదర్శనకి పెట్టేవాడు. వేడి కోసం వచ్చినవాళ్ళు చలి కూడా రుచి చూస్తారని. ఇప్పటికీ అక్కడ ప్రదర్శనలు అలాగే జతలుగా నడుస్తుంటాయి. మీ ఆవిడ ఒక్కొక్క కాన్వాసు ముందు అరగంట నిలబడాలనుకుంటే అది దక్షిణ విభాగంలోనే, గోడలు ఎత్తుగా ఉండేది అక్కడే. అప్పుడు మీరూ పాపా బయట తోటలోకి వెళ్ళండి. ఇద్దరూ ఒకే వేగంతో చూడాలని పట్టుబట్టకండి, ఆవిడకి ఇవ్వగలిగిన పెద్ద బహుమతి ఆ గంటన్నరే.

తోటలో మీకు నచ్చేవి ఉన్నాయి. కాఫీ హోటల్ ముందు గట్టు మీద, సముద్రానికి ఎదురుగా అలెగ్జాండర్ కాల్డర్ పెట్టిన ఇనుప శిల్పాలు. కాల్డర్ మీ బ్రాంచివాడే, 1919లో మెకానికల్ ఇంజనీరింగ్ డిగ్రీ తీసుకుని తర్వాత శిల్పి అయ్యాడు. అక్కడున్న వాటిలో కొన్ని కదలవు, బోల్టులతో బిగించిన రేకులు. లిటిల్ జేనీ వేనీ అనేది మాత్రం గాలికి కదులుతుంది. ఒక స్తంభం, దాని పై నుంచి కడ్డీలు, కడ్డీల చివర రేకులు. ఇలాంటివి చేసేటప్పుడు ఆయన చివరి చిన్న రేకు నుంచి మొదలుపెట్టేవాడు. దానికీ పక్కదానికీ తూగే బిందువు పట్టుకుని, ఆ మొత్తాన్ని ఇంకో కడ్డీకి వేలాడదీసి, మళ్ళీ తూగే బిందువు వెతుక్కుంటూ పైకి వచ్చేవాడు. ఒక పది నిమిషాలు కూర్చుని, గాలి ముందు ఏ రేకుకి తగులుతోంది, ఆ కదలిక ఎన్ని కీళ్ళు దాటి ఎక్కడ ఆగుతోంది అని చూడండి. ఓరెసుండ్ జలసంధి మీది గాలి ఎప్పుడూ ఒకేలా ఉండదు, అందుకని అది చేసిందే చేయదు. బల్ల మీద కాఫీ, ఎదురుగా నీళ్ళు, నీళ్ళ అవతల స్వీడన్. మబ్బు లేకపోతే మధ్యలో వెన్ దీవి కూడా కనిపిస్తుంది. టెలిస్కోపు పుట్టకముందే వట్టి కంటితో నక్షత్రాల స్థానాలు కొలిచిన టైకో బ్రాహె 1576 నుంచి ఇరవై ఏళ్ళ పాటు వేధశాల నడిపిన దీవి అది.

కాల్డర్ నుంచి పచ్చిక మీదుగా వెళ్తే ఇంగ్లండ్ శిల్పి హెన్రీ మూర్ చేసిన పడుకున్న మనిషి ఉంటుంది, కంచుదే. అది రెండు ముక్కలు, మధ్యలో సందు. దాని చుట్టూ తిరగాలి. ఒక కోణంలో రెండు బండరాళ్ళు, ఇంకో కోణంలో మోచేతి మీద ఆనుకుని సముద్రం చూస్తున్న స్త్రీ. సందులోంచి నీళ్ళు కనిపించే చోటు దొరికేదాకా తిరగండి. పాపకి ఈ ఆట చాలా నచ్చుతుంది.

ఎక్కువమంది చూడకుండా వచ్చేసేది అమెరికా శిల్పి రిచర్డ్ సెర్రా చేసినది. చెట్ల మధ్య సముద్రం వైపు దిగే చిన్న లోయ ఒకటి ఉంది, దానిలో 1980లలో నిలబెట్టిన భారీ ఉక్కు పలకలు. కుర్రతనంలో సెర్రా ఉక్కు కర్మాగారాల్లో పనిచేశాడు. ఆ ఉక్కు కార్టెన్ రకం, దాని పైన పట్టే తుప్పే లోపలి లోహానికి కవచంగా పనిచేస్తుంది. అందుకే రంగు వేయకపోయినా సముద్రపు గాలిలో దశాబ్దాలుగా నిలబడి ఉంది, పైగా ఏడాదికేడాది చెట్ల బెరడు రంగులోకి మారుతోంది. దారి ఆ పలకల దగ్గర ఇరుకవుతుంది, దాటగానే కిందకి తీరం కనిపిస్తుంది. ఫోటోలో చూస్తే తుప్పు పట్టిన రేకు తప్ప ఏమీ ఉండదు. నడిచి దాటితేనే తెలుస్తుంది. వాన పడితే ఈ వాలు జారుతుంది, మంచి బూట్లు వేసుకోండి. శిల్పాల మీదికి ఎక్కడం, వాటిని పట్టుకోవడం కుదరదు, పాపకి ముందే చెప్పి ఉంచండి. పచ్చిక వాలు మీద దొర్లడానికి మాత్రం ఎవరూ ఏమీ అనరు, అక్కడి పిల్లలంతా చేసేది అదే.

పాప కోసం ఇంకో రెండు. 1994లో కట్టిన పిల్లల విభాగం ఉంది, మూడు అంతస్తులు. అప్పుడు నడుస్తున్న ఎగ్జిబిషన్‌కి తగ్గట్టు రంగులూ మట్టీ కాగితాలూ పెట్టి పిల్లలతో చేయిస్తారు, దానికి విడిగా డబ్బు కట్టక్కర్లేదు. పాప అలిసిపోకముందే అక్కడికి తీసుకెళ్ళండి. తను చేతులతో ఒకటి చేసి చూశాక, మిగతా మ్యూజియంలో తను చూసే తీరే మారిపోతుంది. రెండోది జపాన్ కళాకారిణి యాయోయి కుసామా చేసిన గది. నాలుగు గోడలూ కప్పూ అద్దాలే, కింద నీళ్ళు, పైనుంచి పింగ్‌పాంగ్ బంతులంత దీపాలు రంగులు మార్చుకుంటూ వేలాడుతుంటాయి. మధ్యలో చిన్న వేదిక మీద నిలబడాలి. ఒకసారికి ఇద్దరు ముగ్గుర్నే పంపుతారు, అదీ కొద్దిసేపే, కాబట్టి బయట లైను ఉంటుంది. లోపలికి వెళ్ళాక ఫోను తీయడానికే సమయం అయిపోకుండా చూసుకోండి. వారాంతాల్లో ఈ లైను బాగా పొడుగు, సాయంత్రం ఆరు దాటాక తేలిక.

మిగతావి క్లుప్తంగా. పెద్ద బ్యాగులు లాకర్లో పెట్టాలి. ఎండ కాస్తున్నా సరే గాలికి ఆగే పల్చటి కోటు ఒకటి పట్టుకెళ్ళండి, గట్టు మీద జూన్‌లో కూడా చలేస్తుంది. నగదు మార్చుకోవద్దు, ఈ దేశంలో అన్నిచోట్లా కార్డే నడుస్తుంది. హోటల్లో తిండి బాగుంటుంది కానీ ఖరీదెక్కువ, ముగ్గురికీ కలిపి బిల్లు చూస్తే గుండె ఝల్లుమంటుంది. మీరు శాకాహారులైతే ఛాయిస్ తక్కువ కూడా. పులిహోరో శాండ్‌విచ్చో డబ్బాలో పెట్టుకుని తోటలో పచ్చిక మీద కూర్చుని తినండి, చాలామంది అదే చేస్తారు. కోపెన్‌హాగెన్ కార్డు అనే టూరిస్టు పాసు కొనే ఆలోచన ఉంటే రైలు ఛార్జీ, లూసియానా, క్రోన్‌బోర్ మూడూ దానిలో కలిసి వస్తాయి. ఒకే రోజులో రెండూ చూసేటట్టయితే లెక్క వేసుకుని చూడండి.

ఎనిమిదింటికి ఒకసారి పాపని అడగండి. ఓపిక ఉందంటే జకొమెట్టి గదికి ఇంకోసారి వెళ్ళండి, పగటికీ ఆ వేళకీ చెరువు వైపు నుంచి వచ్చే వెలుతురు పూర్తిగా మారిపోయి ఉంటుంది. లేదంటే స్టేషన్‌కి నడిచేయండి. రాత్రి పూట రైళ్ళు కాస్త దూరం దూరంగా ఉంటాయి, మ్యూజియంలోంచి బయటికి రాకముందే ఫోన్‌లో టైము చూసుకోండి. మీ తేదీలు ఖరారయ్యాక ఆ వారంలో అక్కడ నడిచే ఎగ్జిబిషన్ పేరు ఇక్కడ పెట్టండి, మీ ఆవిడ ముందుగా ఏ గదులు చూసుకుంటే బాగుంటుందో చెప్తాను.